మార్చిన బండి కొనాలా, కొని మార్చుకోవాలా?

"ఫుల్లీ మాడిఫైడ్, డెబ్బై వేల ఎక్స్‌ట్రా ఫిటింగ్స్, సింగిల్ ఓనర్, మీరు రూపాయి పెట్టనక్కర్లేదు." సెకండ్ హ్యాండ్ బండ్ల ప్రకటనల్లో ఇలాంటి మాటలు తరచూ కనిపిస్తుంటాయి. పక్కనే ఫొటో. నల్లగా మెరిసే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, వెనక మడ్‌గార్డ్ సగానికి కోసేసి, హ్యాండిల్ వెడల్పుగా, సైలెన్సర్ పొట్టిగా. కొత్త బండి తీసుకుని ఇవన్నీ చేయించుకుంటే ఎంతవుతుందో మనసులోనే లెక్కేసుకుంటాం. బోలెడంత మిగులుతోందని సంబరపడతాం. అంతలోనే ఇంకో ఆలోచన వస్తుంది. కంపెనీ ఇచ్చినట్టే ఉన్న స్టాక్ బండి తీసుకుని, మనకు నచ్చినట్టు ఒక్కొక్కటే మార్చుకుంటే పోలా?

ఈ ప్రశ్న ఏ మెకానిక్‌ని అడిగినా "స్టాక్ బండి తీసుకోండి సార్, తలనొప్పి ఉండదు" అంటాడు. ఆ సలహాలో తప్పు లేదు గానీ, అది సగమే. ఆ మార్పులన్నీ మీకు కావాల్సినవే అయితే, ఒట్టి డబ్బు లెక్కలో మార్చిన బండే చవక. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేసిన మార్పులన్నీ స్పానరుతో విప్పి, బండిని మళ్ళీ కంపెనీ ఇచ్చినట్టు చేయగలిగితే మార్చిన బండి నిక్షేపంగా కొనొచ్చు, గట్టిగా బేరమాడి మరీ కొనొచ్చు. ఛాసిస్ మీద కట్టరో వెల్డింగో పడి ఉంటే మాత్రం ఎంత ముద్దొచ్చినా వదిలేయాలి. ఇక మీకేం కావాలో మీకే ఇంకా తెలియకపోతే ఆ ప్రకటనలు చూడ్డం మానేసి స్టాక్ బండి కొనుక్కోండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాన్ని అలాగే నడపండి.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే మనల్ని లాగేది అదే. మూడేళ్ళ పాత క్లాసిక్ 350 మీ ఊళ్ళో స్టాక్ కండిషన్‌లో లక్షా నలభై వేలకు దొరుకుతోందనుకుందాం. అదే వయసున్న మాడిఫైడ్ బండికి ఓనరు లక్షా ఎనభై అడుగుతున్నాడు. "అన్నా, దీని మీద పెట్టిందే డెబ్బై వేలు. కావాలంటే బిల్లులు చూపిస్తా" అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే పెట్టి ఉంటాడు. ఆ డెబ్బై వేలు అతని సరదాకి అయిన ఖర్చు. మీ లెక్క వేరు.

ఒక కాగితం తీసుకుని ఆ ఫిటింగ్స్ అన్నీ రాయండి. స్టాక్ బండి కొన్నా మీరు తప్పకుండా వేయించుకునేవి ఏవో టిక్కు పెట్టండి. క్రాష్ గార్డ్, మెత్తటి సీటు, లగేజీ క్యారియర్ లాంటివన్నమాట. అవి కొత్తగా కొంటే ఇరవై వేలవుతాయనుకుంటే పదివేలు వేయండి, వాడినవే కదా. ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అనిపించేవాటికి సున్నా. ఇక మీరు తీయించేసేవి ఉంటాయి చూడండి, అక్కడ మైనస్ వేయాలి. చెవులు చిల్లులుపడే సైలెన్సర్ తీసి కంపెనీది పెట్టించడం, అద్దాలూ ఇండికేటర్లూ మళ్ళీ మామూలువి వేయించడం, వీటికి పద్దెనిమిది వేలవుతుందని మీ మెకానిక్ చెప్పాడనుకోండి. లక్షా నలభైకి పది కలిపి పద్దెనిమిది తీసేస్తే లక్షా ముప్ఫై రెండు వేలు. అతను అడుగుతున్నది లక్షా ఎనభై. అంటే మీకు పనికొచ్చే లెక్కలో ఆ బండి స్టాక్ బండి కన్నా ఎనిమిది వేలు తక్కువే చేస్తుంది.

ఈ లెక్క అతనికి వినిపించకండి, మనసు నొచ్చుకుంటాడు. మీ అంకె మీ దగ్గర ఉంచుకుని బేరం మొదలుపెడితే చాలు. నెల తిరిగినా ఆ బండి అమ్ముడుపోకపోతే అతనే ఫోన్ చేస్తాడు. మార్చిన బండి నచ్చేవాళ్ళు తక్కువ. లగేజీ పెట్టుకోవాలనుకునేవాడికీ ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోవాలనుకునేవాడికీ అది పనికిరాదు. అందుకే మాడిఫికేషన్ డబ్బు పూర్తిగా తిరిగి రావడం అరుదు. కొనేవాడిగా ఇది మీకు లాభం. రేపు మీరే మార్పులు చేయించుకుంటే ఇదే నష్టం మీ వంతు అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ధరల దగ్గర ఇంకో చిన్న విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్న ఓనరు తన పాత ఇన్‌వాయిస్ చూపించి ధర చెబుతాడు. మీరు ఇవాళ్టి ఆన్‌రోడ్ ధర చేతిలో పెట్టుకుని మాట్లాడండి. 350 దాటిన బండ్లకు పన్ను 40 శాతానికి పెరిగింది కాబట్టి ఇంటర్‌సెప్టర్ 650, హిమాలయన్ 450 దగ్గర ఈ వాదన పనికిరాదు.

డబ్బు లెక్క తేలినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ బండిని ఎవరి ఒంటికి, ఏ దారికి మార్చారు? ఆరడుగుల మనిషి పొట్టి హ్యాండిల్ పెట్టించుకుని, ముందుకు వంగి కూర్చుని ఆదివారం పొద్దున హైదరాబాద్ ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద తిరిగాడు. మీరు అయిదడుగుల నాలుగంగుళాలు. రోజూ అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా క్లచ్ నొక్కుతూ వదులుతూ పోవాలి. ఒంటి బరువంతా మణికట్టు మీద పడే ఆ హ్యాండిల్‌తో వారం తిరక్కుండానే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. పొట్టిగా ఉన్న ఓనరు కాళ్ళు అందడం కోసం సీటు ఫోమ్ కోయించి ఉంటే, కాస్త పొడుగ్గా ఉన్నవాళ్ళకి మోకాళ్ళు పైకి ముడుచుకుని నడుము పట్టేస్తుంది.

వెనక ఎవరు కూర్చుంటారో కూడా ఆలోచించండి. కుర్రాళ్ళు ఈ ప్రశ్నే మర్చిపోతారు. బాబర్ స్టయిల్ అని వెనక సీటు పీకేసి, మడ్‌గార్డ్ పొట్టిగా చేసి, శారీ గార్డ్ తీసేసిన బండి మీద అమ్మని గుడికి తీసుకెళ్ళలేరు. పెళ్ళయ్యాక భార్య అసలు ఎక్కదు. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. స్టయిల్ పేరుతో ముందుగా ఊడగొట్టేది సరిగ్గా ఆ మూడే.

అందుకని టెస్ట్ రైడ్ అంటే సందు చివరిదాకా వెళ్ళి రావడం అనుకోవద్దు. కనీసం అరగంట అడగండి. వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక గతుకుల రోడ్డు, ఒక యూటర్న్ ఉండే దారి చూసుకోండి. ఓనరు ఒప్పుకోకపోతే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక బండి దగ్గర నిలబడ్డాక ఏం చూడాలో కొంచెం వివరంగా చెబుతాను. అసలు నిర్ణయం జరిగేది అక్కడే.

పొద్దున్నే వెళ్ళండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. వెళ్ళీ వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు ఎందుకు స్టార్ట్ చేశాడో అడగండి. తరవాత సీటు తీయమనండి. కంపెనీ వైరింగ్ నల్లటి స్లీవులో చుట్టి, ఒక్కో జాయింటూ ప్లాస్టిక్ కప్లర్‌తో బిగించి ఉంటుంది. దాని మధ్యలోంచి ఎర్రవైరు ఒకటి బయటికొచ్చి, మెలితిప్పి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి కనిపిస్తే అక్కడ ఆగండి. అది ఫాగ్ లైట్లకో, రెండో హారన్‌కో లాగిన వైరు. మంచి పనివాడు అలా చేయడు. విడిగా రిలే పెడతాడు, ఫ్యూజు పెడతాడు, కప్లర్‌తో కలుపుతాడు. ఆ టేపు ఎండకి జిగురు కారి, వానకి లోపల తడి చేరి, ఏదో రాత్రి ఘాట్ రోడ్డు మీద బండి చప్పుడు లేకుండా ఆగిపోతుంది. వైరింగ్‌ని చూస్తే ఆ బండి మీద చేసిన మిగతా పనులన్నీ ఎలా ఉంటాయో తెలిసిపోతుంది.

కీ ఆన్ చేసి మీటరు చూడండి. ఏబీఎస్ లైటు, ఇంజిన్ చెక్ లైటు రెండూ వెలగాలి. ఇంజిన్ స్టార్టయ్యాక చెక్ లైటు ఆరిపోవాలి, బండి కదిలి కొంచెం వేగం అందుకున్నాక ఏబీఎస్ లైటు ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఆ లోపం కనబడకుండా ఎవరో లైటే పీకేసి ఉండొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. చక్రం పక్కన చిల్లులున్న చిన్న రింగు, దాని ఎదురుగా సెన్సర్ ఉంటాయి. ఆ రింగు ఎంత వేగంగా తిరుగుతోందో చూసే ఏబీఎస్ పనిచేస్తుంది. లావు టైరు కోసమో అల్లాయ్ కోసమో చక్రాలు మార్చినప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే, చక్రం కొలత మారిపోతే, బ్రేకు లెక్క తప్పుతుంది. స్పీడోమీటరూ తప్పే చూపిస్తుంది.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పండి. తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం దానంతటదే పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ పొడవు చాలట్లేదు. ఎత్తు హ్యాండిల్ వేసి పాత కేబుల్నే లాగి కట్టారన్నమాట. అలాంటి బండి యూటర్న్‌లో మీ ప్రమేయం లేకుండా ముందుకు దూకుతుంది. బ్రేకు హోసు కూడా అక్కడే బిగుతుగా కనిపిస్తుంది, వేలితో నొక్కి చూడండి.

చివరగా వంగి, సీటు కింద నుంచి వెనక్కి వెళ్ళే ఫ్రేమ్ పైపుల్ని చూడండి, చేత్తో తడమండి. కంపెనీ వెల్డింగ్ ఒకే తీరుగా, సన్నటి అలల్లా ఉంటుంది. దాని పక్కన ఉబ్బెత్తుగా, గరుకుగా ముద్ద తగిలితే, ఆ ఒక్కచోట పెయింటు కొత్తగా ఉంటే, తోక కోసి అతికించారు. ఇక ఆ బండి గురించి ఆలోచించనక్కర్లేదు. ఫ్రేమ్ కోసిన బండిని మళ్ళీ స్టాక్ చేయలేరు. బరువు పడితే ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

అన్నీ చూశాక ఓనరుని ఒక్క మాట అడగండి: "తమ్ముడూ, పాత పార్టులు ఉన్నాయా?" కొందరు అటక మీంచి గోనెసంచి దించుతారు. అందులో కంపెనీ సైలెన్సర్, అద్దాలు, ఇండికేటర్లు, పాత సీటు, ఆఖరికి బోల్టులు కూడా విడిగా కవరులో ఉంటాయి. అలాంటి ఓనరు దగ్గర అయిదు వేలు ఎక్కువ ఇచ్చినా పరవాలేదు. "అవన్నీ ఎప్పుడో పాత సామాన్లకి వేసేశా అన్నా" అంటే మీ కాగితం మీద మైనస్ పెరుగుతుంది.

చట్టం సంగతి. "అందరూ తిరుగుతున్నారు, ఎవడు పట్టుకుంటాడు" అనే మాట వినీ వినీ దీన్ని తేలిగ్గా తీసుకుంటాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన వివరాలతో సరిపోలకుండా పోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకీ అన్న మాట గమనించండి. శబ్దకాలుష్యానికి 190వ సెక్షన్ వేరే ఉంది, పదివేల దాకా జరిమానా, మొదటిసారికే మూడు నెలలు లైసెన్సు రద్దు. అలాగని క్యారియర్ వేయించినా, సీటు మార్చినా నేరమేమీ కాదు. బండి మౌలిక స్వరూపాన్ని మార్చే మార్పుల్నే చట్టం 'ఆల్టరేషన్' అంటుంది. రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో రాయించుకోవాలి, ఇంజిన్ మారిస్తే మరీను.

నన్నడిగితే రోడ్డు మీద పోలీసు కన్నా పెద్ద చిక్కు ఆర్టీఓ ఆఫీసులో వస్తుంది. విజయవాడ బండిని హైదరాబాద్‌లో కొన్నారనుకోండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, బండిని తీసుకెళ్ళి చూపించాలి. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు చూస్తాడు, ఆర్సీలో నలుపు అని ఉండి ఎదురుగా మిలిటరీ పచ్చ కనిపిస్తే అక్కడే ఆపేస్తాడు. అప్పటికి డబ్బులు ఓనరుకి ఇచ్చేసి ఉంటారు, అతను ఫోన్ ఎత్తడు. ఒకే రాష్ట్రంలో అయినా పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. ఇన్సూరెన్సు పాలసీ మీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అప్పుడే బండి మీదున్న ఫిటింగ్స్ గురించి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి పాలసీలో రాయించుకోండి. చెప్పకుండా దాచి, రేపు యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్‌కి వెళ్తే సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ మార్పుల్నే. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది అతనితోనే పోతుంది.

సైలెన్సర్ గురించి విడిగా ఒక మాట. ఇది కోరికల జాబితాలో మొదట ఉంటుంది, నా జాబితాలో అసలు ఉండదు. 2020 ఏప్రిల్ తరవాతి బీఎస్-6 బండ్లకి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్టు గొట్టంలోనే ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్ కూడా అక్కడే. ఆ గొట్టం తీసేసి ఇంకోటి పెడితే పొల్యూషన్ పరీక్షలో తప్పుతుంది, పెట్రోలు, గాలి పాళ్ళు చెదురుతాయి, వారంటీ అడిగే అర్హత పోతుంది. పికప్ పెరిగినట్టు అనిపించేది చాలావరకు శబ్దం వల్లే. వీధిలో పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ నిద్ర లేపడానికి పదివేలు పెట్టడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక మార్చిన బండి కొనే ప్రసక్తే లేదనిపించొచ్చు. కొనదగ్గవి ఉన్నాయి. అన్నిటికన్నా మంచిది లద్దాఖ్ వెళ్ళొచ్చిన హిమాలయన్. ఓనరు ఒక్క ప్రయాణం కోసం పెట్టెలు బిగించే స్టాండ్లు, ఇంజిన్ కింద మందపాటి ప్లేటు, హ్యాండ్ గార్డులు, ఫోన్ చార్జింగ్ పాయింటు అన్నీ మంచివి చూసి వేయించుకుంటాడు. వచ్చాక ఉద్యోగం, పెళ్ళి, ఈఎంఐలు. బండి పార్కింగ్‌లో దుమ్ము కొట్టుకుపోతుంటుంది. అవన్నీ బోల్టులతో బిగించినవే. మీకూ మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం తిరిగే ఉద్దేశం ఉంటే అంతకన్నా చవకగా తయారైన బండి దొరకదు. రిమ్ములు సొట్టపడ్డాయా, ముందు ఫోర్కుల్లోంచి ఆయిల్ కారుతోందా అని మాత్రం చూసుకోండి. జైపూర్‌లోని రాజ్‌పుతానా కస్టమ్స్ లాంటి పేరున్న సంస్థలు పూర్తిగా కొత్త రూపమిచ్చిన బండ్లు వేరే కోవ. అవి కళాఖండాలు, స్థోమత ఉంటే కొనుక్కుని ఇంట్లో పెట్టుకోండి. ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకో బండి చూసుకోండి.

మీరే మార్చుకోదలిస్తే దానికో పద్ధతి చెబుతాను. కొత్త బండి షోరూమ్‌లో ఉండగానే యాక్సెసరీస్ కేటలాగు చేతిలో పెడతారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో పాటు 'మేక్ ఇట్ యువర్స్' అని మొదలుపెట్టింది, రంగు, సీటు, అద్దాలు, గార్డులు బుకింగ్ అప్పుడే ఎంచుకోవచ్చు. కంపెనీవే కాబట్టి వారంటీకి ఢోకా లేదు, అదో మంచి మార్గమే. క్రాష్ గార్డ్ దాకా తీసుకుని అక్కడ ఆగండి. మిగతావి లోనులో కలిపేస్తామంటే వద్దనండి, ఒక జత అద్దాలకి మూడేళ్ళు వడ్డీ కట్టే ఖర్మ మనకెందుకు.

బండి ఇంటికొచ్చాక ఫోన్‌లో ఒక నోట్ తెరవండి. నడిపేటప్పుడు వచ్చే ఇబ్బందుల్ని అందులో రాయండి. పార్టుల పేర్లు రాయకండి, ఇబ్బందే రాయండి. "సీటు మార్చాలి" అని రాస్తే మీరు ఇప్పటికే తీర్పు ఇచ్చేసినట్టు. "గంట నడిపాక నడుము నొప్పి" అని రాయండి. అప్పుడు కారణం వెతుకుతారు. ఆ నడుము నొప్పి సీటు వల్ల కాకపోవచ్చు, వెనక షాకప్స్ బిగుతుగా ఉండటం వల్ల కావచ్చు. క్లాసిక్ 350కి వెనక షాకప్స్ ఆరు మెట్లుగా అడ్జస్ట్ అవుతాయి. ఒక్కరే తిరిగేటప్పుడు మెత్తగా, వెనక మనిషీ సామానూ ఉన్నప్పుడు గట్టిగా పెట్టుకోవచ్చు. చాలామంది బండి కొన్న రోజు నుంచి అమ్మిన రోజు దాకా దాన్ని ముట్టుకోరు. "రాత్రిళ్ళు దారి కనబడట్లేదు" అని రాసుంటే ముందు హెడ్‌లైట్ వాలు సరిచేయించండి, వెలుగు చెట్ల మీదకి కొడుతుండొచ్చు. "అద్దాలు వణికి వెనకవాళ్ళు కనబడట్లేదు" అంటే అద్దాల నట్లూ చైనూ బిగించి చూడండి. మణికట్టు నొప్పికి క్లచ్ లివర్ కాస్త కిందికి వంచితే చాలు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడటానికి అయ్యే ఖర్చు సున్నా.

ఇవన్నీ చేశాక కూడా నోట్‌లో ఆరు నెలల తరవాత మళ్ళీ మళ్ళీ కనిపించేది ఏదైనా ఉంటే అది నిజమైన అవసరం. అప్పుడు ఖర్చు పెట్టండి, సిగ్గుపడకండి. నేనైతే మొదట టైర్లు, బ్రేకు ప్యాడ్లు చూస్తాను. అదే కొలతలో ఇంకాస్త పట్టున్న టైరు వేస్తే వానలో బండి వేరేగా నిలబడుతుంది. లావు టైరు మోజు వద్దు, హ్యాండిల్ బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. తరవాత సీటు. లైట్లు అన్నిటికన్నా ఆఖర్న, వేసుకున్నా వాలు కిందికి ఉంచి. ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్మితే ఘాట్ మలుపులో మొదట దెబ్బతినేది మీరే. సామాను కోసం హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ ఉన్నాయి. అక్కడే అసలుదీ నకిలీదీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, బిల్లు లేకుండా కొనకండి. వైరు కోయకుండా కప్లర్‌తో బిగించే పనివాణ్ణి వెతుక్కోండి. తీసిన ప్రతి పార్టుకీ పేరు రాసి అటక మీద పెట్టండి.

పాత బండ్ల దగ్గర ఈ సూత్రాలు కొంచెం తిరగబడతాయి. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఇప్పుడు స్టాక్‌లో దొరకడమే గగనం. 2018లో అదే పేరుతో సినిమా వచ్చి కుర్రాళ్ళకి మోజు ఇంకా పెంచింది. పాడైన బండి చవకగా కొని తయారుచేయించుకుందామనుకుంటే అసలు పార్టుల వేటలోనే రెండింతల ఖర్చు తేలుతుంది. ఇక్కడ మాత్రం బాగా తయారుచేసిన బండే కొనడం నయం. కాకపోతే ఆర్సీలో 98 సీసీ అని ఉండాలి, ఇంజిన్ నంబరు దానితో కలవాలి. చాలా బండ్లలో ఆర్ఎక్స్ 135లోని 132 సీసీ ఇంజిన్ పెట్టేశారు. ఆయిల్‌ని తనే కలుపుకునే ఆటోల్యూబ్ పంపు ఉందా, దాన్ని తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ పోస్తున్నారా అన్నది అడగండి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి ముగిసి, ఆ తరవాత అయిదేళ్ళకోసారి రెన్యువల్ కావాలి. 1996 బండి అయితే 2011లో మొదలై అయిదేళ్ళకోసారి అయ్యుండాలి. ఆ ముద్రలు లేని ఆర్ఎక్స్ 100ని అభిమానంతో కొనొద్దు.

ఇంకో సలహా ఉంది, మీరు కొన్నాక కాదు, అమ్మేటప్పుడు పనికొచ్చేది. సొంతంగా మార్చుకున్న బండిని ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే అటక మీది పార్టులు దించి, బండిని స్టాక్ చేసి అమ్మండి. విప్పిన ఫిటింగ్స్‌ని అదే మోడల్ ఉన్నవాళ్ళకి విడిగా అమ్మండి. బండితో కలిపి ఇస్తే వచ్చేదానికన్నా ఇలా చేతికొచ్చే డబ్బే ఎక్కువ.